రిబ్బను కట్టిన మైక్రోస్కోపు

బఠాణీ కరెంటు స్తంభం దగ్గర కాలెత్తి నిలబడ్డాడు. విశాలాక్షి గొలుసు పట్టుకుని పక్కనే నిలబడింది. పాలవాడు వీధి ఈ చివర నుంచి ఆ చివరిదాకా పాలు పోసి, డబ్బాలు ఖాళీ చేసుకుని తిరిగొచ్చేసరికి కూడా వాడి కాలు అలాగే గాల్లో ఉంది.

"ఇంకా అవలేదాండీ?" అన్నాడు పాలవాడు సైకిల్ ఆపి.

"అవడానికి మొదలెట్టాలి కదా నాయనా."

అప్పుడు ఒక చుక్క రాలింది. కాసేపాగి ఇంకొకటి. విశాలాక్షి వంగి చూసింది. సిమెంటు దిమ్మ మీద పడ్డ ఆ చుక్క గులాబీ రంగులో ఉంది. బఠాణీ కాలు దించి, తప్పు చేసినవాడిలా ఆమె చెప్పుల మధ్య తల దూర్చాడు.

బఠాణీ షిట్జు జాతి కుక్క. ఏడాదిన్నర వయసు. నేల తుడిచే గుడ్డకు కళ్ళు కుట్టినట్టుంటాడు. నాగవరప్పాడు బస్టాండు రోడ్డులో విశాలాక్షి కర్రీ పాయింటుకి వచ్చేవాళ్ళలో సగంమంది ఆమె గోంగూర రొయ్యల కోసం వస్తే, మిగతా సగం వాణ్ణి పలకరించడానికి వస్తారు. పిల్లలు లేని ఆ ఇంట్లో వాడే పిల్లాడు. ఆ రోజు షాపు తెరవలేదు. భర్త జోగారావుని నిద్రలేపి, వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని, ఆటో ఎక్కి పశువుల ఆసుపత్రికి పరిగెత్తింది.

డాక్టర్ ఫణీంద్ర మంచి డాక్టరు. చేతివాసి ఉన్నవాడు. సర్వీసులో చేరినప్పటి నుంచి ఏ ఒక్క సర్క్యులర్నీ ధిక్కరించి ఎరుగడు. బఠాణీ పొత్తికడుపు మెల్లగా నొక్కి చూసి తల పంకించాడు.

"ఏం పెడుతున్నారమ్మా వీడికి?"

"నేనైతే చప్పిడి పెరుగన్నమేనండి." విశాలాక్షి భర్త వైపు తిరిగింది. "ఏవండీ, చెప్పండి."

జోగారావు పైకప్పు చూశాడు. "ఎప్పుడన్నా ఒక వేపుడు ముక్క. అడుగుతాడండి."

"నోటితో అడిగాడా?" అంది విశాలాక్షి.

"కళ్ళతో."

డాక్టరు అడ్డం వచ్చాడు. "అదొక్కటే కారణం కాదులెండి. మూత్రంలో ఇసుకలాంటిది కడుతోందని నా అనుమానం. స్ఫటికాలంటాం. చిన్న జాతి మగకుక్క కదా, మూత్రనాళం నూలుపోగంత ఉంటుంది. ఈ ఇసుక ముద్దకట్టి అడ్డం పడిందంటే ఒక్క చుక్క దిగదు. అప్పుడిక ప్రాణం మీదికొస్తుంది."

విశాలాక్షి బఠాణీని ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

"ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయమ్మా. ఒకటి మందుకీ, ప్రత్యేకమైన తిండికీ కరిగిపోతుంది. రెండోది కరగదు, కోసి తీయాల్సిందే. ఒకదాని తిండి రెండోదానికి పెట్టామా, ఇంకా ముదురుతుంది. అందుకని ఏ రకమో ముందు తెలియాలి. వెచ్చటి మూత్రం ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెడితే ఆకారాన్ని బట్టి తెలిసిపోతుంది. నిమిషం పని."

"అయితే చూడండి మరి."

"చూడకూడదమ్మా."

డాక్టరు వేలెత్తి చూపించాడు. గది మూల ఎత్తైన బల్ల మీద కొత్త మైక్రోస్కోపు ఉంది. దానికి అడ్డంగా ఎర్ర రిబ్బను, మెడలో బంతిపూల దండ, నుదుటి భాగాన కుంకుమ బొట్టు. దండలో పూలు వాడి నల్లబడ్డాయి.

"ఇంకా ప్రారంభోత్సవం కాలేదు."

"పాతది లేదాండీ?" అన్నాడు జోగారావు.

"కొత్తది వచ్చిన రోజే పాతదాన్ని వేలం వేసేశారు."

"రిబ్బను కాస్త పక్కకి జరిపి చూస్తే ఎవరికి తెలుస్తుంది బాబూ?" అంది విశాలాక్షి.

"కన్ను పెట్టి చూసే అద్దం తీసి జె.డి. గారు తన బీరువాలో పెట్టుకున్నారమ్మా. ఇదివరకే ఎవరో జరిపారట."

జె.డి. గారంటే ఆ జిల్లా పశువైద్య శాఖకి జాయింట్ డైరెక్టరు పరంధామయ్య. మూడు నెలల క్రితం ఏదో కొండల ఊళ్ళో శిక్షణకి వెళ్ళి, అక్కడ ఒకాయన తెరమీద వేసి చూపించిన రంగురంగుల స్ఫటికాల బొమ్మలకి చలించిపోయి, తిరిగి వస్తూ రైల్లోనే ఒక పథకం రాసుకొచ్చాడు. దాని పేరు 'స్ఫటిక రహిత శునక జిల్లా'. జిల్లాలో ఉన్న ప్రతి కుక్క మూత్రమూ సేకరించాలి, పరీక్షించాలి, స్ఫటికాలు లేకుండా చేయాలి.

విశాలాక్షి నేరుగా, అదే ఆవరణలో ఉన్న ఆయన గదిలోకే వెళ్ళింది. డాక్టరు వెనకాల నక్కి నిలబడ్డాడు. జె.డి. గారి టేబుల్ మీద ఫ్లెక్సీ నమూనా పరిచి ఉంది. అందులో ఆయన ఫోటో కంటే కుక్క ఫోటో పెద్దదిగా వచ్చిందని ఎవరినో ఫోన్‌లో మందలిస్తున్నాడు. ఫోన్ పెట్టేశాక ఆమె చెప్పింది విన్నాడు.

"చూడండమ్మా. మీ వేదన మా దృష్టికి వచ్చింది. అయితే ప్రారంభోత్సవం జరగని పరికరం, శాఖాపరంగా, పరికరమే కాదు. అది ప్యాకింగు. గౌరవనీయులైన పశుసంపద మండలి అధ్యక్షులు దేవసహాయం గారి అమృత హస్తాలతో రిబ్బను కత్తిరింపబడిన పిమ్మట మాత్రమే అది చూపు పొందుతుంది."

"ఎప్పుడొస్తారండీ ఆయన?"

"తేదీ పరిశీలనలో ఉంది. శిలాఫలకం మీద జాగా వదిలి ఉంచాం. అంతవరకూ మీ శునకం యొక్క నమూనాను ఫ్రిజ్‌లో సురక్షితంగా భద్రపరుస్తాం."

డాక్టరు గొంతు సవరించుకున్నాడు. "సార్, ఫ్రిజ్‌లో పెడితే ఏ జబ్బూ లేని కుక్క మూత్రంలో కూడా స్ఫటికాలు కడతాయి. చలికి నెయ్యి పేరుకున్నట్టు. అప్పుడిక జబ్బుదేదో, చలిదేదో తేల్చలేం."

"తెలుసయ్యా. నువ్వు చదివిన పుస్తకమే నేనూ చదివాను. కానీ మనకు జీతం పుస్తకం ఇవ్వటం లేదు కదా."

డాక్టరు విశాలాక్షి చేతుల్లోంచి బఠాణీని అందుకుని బయటికి నడిచాడు. బయటికొచ్చాక, వాడికి నొప్పి తగ్గే మందిచ్చి, విశాలాక్షికి జాగ్రత్తలు చెప్పాడు. నీళ్ళు బాగా తాగించండి. అన్నంలో నీళ్ళు కలిపి జావలా పెట్టండి. ఉప్పు వేయకుండా కోడి ఉడికించిన నీళ్ళు పొయ్యండి. గంటకోసారి బయట తిప్పండి, ఆపుకోనివ్వొద్దు. చుక్క ఆగిపోయిందంటే ఏ వేళైనా నాకు ఫోన్ చేయండి.

"అప్పుడేం చేస్తారు?"

"అప్పుడు గుడ్డిగా కోయాలి" అన్నాడాయన, నేల చూస్తూ.

జోగారావు ఆ సాయంత్రమే ఇంట్లో గదికో నీళ్ళగిన్నె పెట్టాడు. మరుసటి రోజుకి ప్రతి గిన్నెలోనూ ఒకసారి కాలు పెట్టాడు. బఠాణీ మాత్రం ఏ గిన్నెలోనూ తాగక, స్నానాల గదిలో కారే కుళాయి కింద నాలుక చాపుకుని కూర్చున్నాడు. దాంతో ఆ కుళాయి బాగుచేయించొద్దని ఇంట్లో తీర్మానం అయింది.

విశాలాక్షి ఊరికే కూర్చునే మనిషి కాదు. ఒక సీసాలో వెచ్చటి నమూనా పట్టుకుని బస్టాండు ఎదురుగా మనుషుల ల్యాబు నడిపే రాజారత్నం దగ్గరికెళ్ళింది. ఆయన చేతులు జోడించి, గోడకి అంటించిన సర్క్యులర్ చూపించాడు. జిల్లా పరిధిలో కుక్క మూత్రాన్ని పరీక్షించే అధికారం ఇకమీదట శాఖకు మాత్రమే ఉంటుంది, ఉల్లంఘించినవారి లైసెన్సు రద్దవుతుంది.

"పోనీ నా పేరు రాసుకోవయ్యా" అన్నాడు జోగారావు గొంతు తగ్గించి.

"మీ పేరు కూడానా బాబాయ్. పొద్దున్నుంచి ఊళ్ళో మగాళ్ళంతా సీసాలు పట్టుకుని వస్తున్నారు. ఒకాయన సీసాలో తెల్ల వెంట్రుకలు తేలాయి. ఆయనది బట్టతల."

ఇక పట్నమే గతి అనుకుని కారు మాట్లాడారు. జిల్లా సరిహద్దులో చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. స్ఫటికాల అనుమానం ఉన్న శునకం ఫలితం వచ్చేదాకా జిల్లా దాటరాదట. మనుషులు దాటవచ్చట. జోగారావు దిగి వాదించాడు. అక్కడి ఉద్యోగి ఎంతో మర్యాదగా, "మీరు వెళ్ళి రండి సార్, వాణ్ణి మేం చూసుకుంటాం" అన్నాడు. కారు వెనక్కి తిరిగింది.

అధ్యక్షులవారు ఒకసారి మూఢం ఉందని కబురు పెట్టారు. ఆయన మతంలో మూఢం లేదని గుర్తొచ్చి, అది ఆయన పి.ఎ. మూఢమని సవరించారు. ఇంకోసారి వేరే ఊళ్ళో బస్ షెల్టరు ప్రారంభం అడ్డొచ్చింది. ఇక్కడ సేకరణ మాత్రం ఆగలేదు. ఆసుపత్రి ఫ్రిజ్ నిండింది. సిబ్బంది ఇళ్ళలో ఫ్రిజ్‌లు నిండాయి, ఇద్దరు ముగ్గురు ఇల్లాళ్ళు పుట్టిళ్ళకి పోయారు. చివరికి ఊరి బయట రొయ్యల కోల్డ్ స్టోరేజీలో సగం అద్దెకు తీసుకున్నారు. సేకరణలో వెనకబడిన మండలాలకి తాఖీదులు వెళ్ళాయి. కుక్క లేని ఇంటివాళ్ళు కుక్క ఎందుకు లేదో సంజాయిషీ రాసివ్వాలన్నారు. విశాలాక్షి షాపు పక్కన పాన్‌షాపు నడిపే వీరభద్రం 'ఉన్న బావమరిది చాలు' అని రాసిచ్చాడు.

ఈలోపు బఠాణీ సన్నబడ్డాడు. గులాబీ రంగు కాస్తా ఎరుపుకి తిరిగింది. బయటికి తీసుకెళ్ళమని అడగటం మానేసి, గుమ్మం దగ్గర ముడుచుకుని పడుకుంటున్నాడు. విశాలాక్షి వాడి పక్కనే చాప వేసుకుంది. కూరల్లో ఉప్పు ఎక్కువ తక్కువలవుతున్నా అడిగే ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ఎట్టకేలకి తేదీ ఖాయమైంది. ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. సన్నాయి పిలిపించారు. ఉదయం డాక్టరు ఫోన్ చేశాడు. ఎప్పుడూ లేనిది, ఆయన గొంతులో చిన్న తెగింపు వినిపించింది.

"అమ్మా, అధ్యక్షులవారికి చూపించే మొదటి చుక్క సిద్ధం చేసే బాధ్యత నాది. కోల్డ్ స్టోరేజీ నుంచి బాగా మెరిసేది ఏరి పెట్టమన్నారు జె.డి. గారు. ఏ సీసా లోది అని ఎవరూ అడగరు. మీరు వాణ్ణి తీసుకుని షామియానా వెనక్కి రండి. వెచ్చటి చుక్క కావాలి. రిబ్బను తెగాక వాళ్ళందరూ చూసి దిగుతారు. ఆఖరున నేను చూస్తాను."

విశాలాక్షి బఠాణీని కొంగులో చుట్టుకుని, కొత్త గరిటె ఒకటి చంకలో పెట్టుకుని బయల్దేరింది.

షామియానా వెనక వంటపాత్రల మధ్య జోగారావు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. గరిటె కాడ చివర పట్టుకుని బఠాణీ కింద చాపాడు. బఠాణీ వణుకుతూ కాలెత్తాడు. ఏమీ రాలేదు. సన్నాయి మొదలైంది. వాడు బెదిరి కాలు దించేశాడు. దూరంగా కార్ల సైరన్ వినిపించింది.

"ఎత్తరా నాన్నా. నా బంగారం కదూ" అంది విశాలాక్షి వాడి చెవిలో.

"శ్శ్, శ్శ్" అంటున్నాడు జోగారావు, చంటిపిల్లలకి చేసినట్టు.

"మీరు ఊరుకోండి, వాడికి సిగ్గు."

సైరన్ గేటు దాటింది. మైకులో స్వాగతం మొదలైంది. బఠాణీ మళ్ళీ కాలెత్తి, కళ్ళు మూసుకుని, ఒళ్ళంతా బిగబట్టాడు. గరిటెలో ఒక చుక్క పడింది. ఇంకొకటి. నాలుగు చుక్కలు పడేసరికి వాడు కుయ్యిమంటూ కూలబడ్డాడు. డాక్టరు గరిటెని రెండు చేతులా తీర్థంలా అందుకుని లోపలికి పరిగెత్తాడు.

రిబ్బను తెగింది. చప్పట్లు మోగాయి. మైక్రోస్కోపుని దండతో సహా వేదిక మీదికి తెచ్చారు. జె.డి. గారు జేబులోంచి పట్టుగుడ్డ తీసి, అందులోంచి కంటి అద్దం తీసి, తన చేత్తో అమర్చాడు. తర్వాత మైకు అందుకుని చూసే క్రమం ప్రకటించాడు. మొదట అధ్యక్షులవారు, తర్వాత తాను, తర్వాత హోదాల వరసన డిప్యూటీలు, అసిస్టెంట్లు, సంఘాల నాయకులు. డాక్టర్ ఫణీంద్ర పేరు వంటవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పే ముందు వచ్చింది. అది వింటూనే ఆయన మొహం పాలిపోయింది. వరస తనదాకా వచ్చేసరికి దీపాల వేడికి ఆ చుక్క ఆరిపోతుంది.

వేదిక కింద విశాలాక్షికి ఆయన మొహమే కనబడుతోంది. బఠాణీ ఆమె భుజం మీద తల వాల్చి ఎగశ్వాస తీస్తున్నాడు.

అధ్యక్షులు దేవసహాయం గారు నిండైన మనిషి. కలప డిపో నడుపుతూ రాజకీయాల్లోకి వచ్చినవాడు. వంగి ఒక కన్ను మూసి చూశాడు. జె.డి. గారు మైకు ఆయన నోటి దగ్గర పెట్టి, "ఆకాశంలో నక్షత్రాల్లా ఉన్నాయని సెలవివ్వండి సార్" అని మెల్లగా అందించాడు.

దేవసహాయం గారు చాలాసేపు చూశాడు. అబద్ధం చెప్పడానికి ఆయన వెనకాడే రకం కాదు గానీ, కలప సామాను విషయంలో మాత్రం ఎన్నడూ ఆడి ఎరుగడు.

"నక్షత్రాలు కాదయ్యా" అన్నాడు మైకులో. "శవపేటిక మూతలు."

సన్నాయి ఆగిపోయింది.

"సార్, శుభమా అని..." అన్నాడు జె.డి.

"నిజం చెబుతున్నానయ్యా. మా నాన్న డిపోలో చిన్నప్పుడు ఎన్ని చెక్కాను. అచ్చం అదే పనితనం. నాలుగు అంచులూ ఏటవాలుగా చెక్కి, మధ్యలో చదును. బారుగా పేర్చినట్టున్నాయి. ఎవరు చేశారో గానీ చేయి తిరిగినవాడు."

వేదిక చివర ఏదో కుర్చీ పడిన చప్పుడైంది. డాక్టర్ ఫణీంద్ర రెండేసి మెట్లు దూకి కిందికి వస్తున్నాడు. ఆహ్వాన సంఘంవాళ్ళు పట్టుకోబోతే విదిలించుకుని విశాలాక్షి దగ్గరికి వచ్చాడు.

"కరిగే రకమమ్మా" అన్నాడు ఆయాసపడుతూ. "కరగనిది పోస్టు కవరు ఆకారంలో ఉంటుంది. పేటిక మూతంటే కరిగేది. మా కాలేజీలో మాస్టారు కూడా సరిగ్గా ఈ మాటే చెప్పారు. దానికి తోడు లోపల ఇన్ఫెక్షన్ ఉంటుంది, మందు ఇప్పుడే మొదలెడదాం. కోయక్కర్లేదు."

నిండు సభలో శవపేటిక మాట విని సంతోషంతో ఏడ్చిన మనిషి విశాలాక్షి ఒక్కతే. మర్నాడు పేపర్లో ఆమె ఫోటో వేసి, కింద 'పథకం పట్ల ప్రజల్లో భావోద్వేగం' అని రాశారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

కోల్డ్ స్టోరేజీ సీసాలన్నీ పరీక్షించారు. ఒక్కటి మిగలకుండా అన్నింట్లోనూ స్ఫటికాలు దొరికాయి. జె.డి. గారింటి పగ్ కుక్క లడ్డూ సీసాలో కూడా. ఇంతటి విజయం పొరుగు జిల్లాల్లో ఎవరికీ రాలేదని శాఖ పొంగిపోయింది. రోగమున్న ప్రతి కుక్కకీ స్ఫటికాలు కరిగించే ప్రత్యేక ఆహారం సంచీ ఉచితంగా ఇవ్వాలని ఆదేశాలు వచ్చాయి. ఊళ్ళో దొరికే సంచీలన్నీ శాఖే కొనేసింది. వరసలో నిలబడి కిటికీ దగ్గరికెళ్ళిన విశాలాక్షిని వెనక్కి పంపారు. ఆమె జె.డి. గారి గదికి వెళ్ళింది.

"మీ శునకం సీసా మా దగ్గర లేదమ్మా" అన్నాడాయన. "మొదటి రోజు తీసి ఫ్రిజ్‌లో పెట్టింది పగిలిపోయినట్టు నమోదయింది. వేదిక మీద చూసింది ప్రదర్శన, పరీక్ష కాదు. సీసా లేదు కనుక స్ఫటికాలు లేవు. స్ఫటికాలు లేవు కనుక ఆహారం లేదు. ఆ మాటకొస్తే, మా ఫైలు ప్రకారం జిల్లా మొత్తం మీద ఆరోగ్యంగా ఉన్న కుక్క మీదొక్కటే. అభినందనలు."

"వాడికి మూత్రం రావట్లేదండీ."

"ఆరోగ్యవంతులకు కూడా అప్పుడప్పుడూ అలా జరుగుతుంటుంది."

విశాలాక్షి షాపుకొచ్చి జరిగిందంతా జోగారావుకి చెప్పింది. వీరభద్రం పాన్‌షాపు లోంచి విషయమంతా విన్నాడు. వక్కలు కత్తిరిస్తూనే వచ్చేపోయే వాళ్ళకి చెప్పాడు. సాయంత్రానికి మొదటి సంచీ వచ్చింది. తెచ్చింది ఎల్.ఐ.సి. ఏజెంటు భార్య భ్రమరాంబ.

"మా పింకీ వాసన కూడా చూట్లేదు పిన్నీ. దానికి గుండురాయిలా ఆరోగ్యం. మీ వాడికి పెట్టండి" అంటూ అరుగు మీద పెట్టింది. "ఊరికే ఏం వద్దు. ఆ గోంగూర రొయ్యలు ఒక గిన్నెడు ఇవ్వండి చాలు."

మర్నాటికి కర్రీ పాయింటు ముందు సంచీలు గోడలా లేచాయి. రోగమున్నట్టు రుజువైన కుక్కలన్నీ యజమానుల వెంట తోకలాడించుకుంటూ వచ్చి, రోడ్డు పొడవునా ప్రతి స్తంభానికీ ధారాళంగా కాళ్ళెత్తి వెళ్ళాయి. ఆరోగ్యవంతుడైన బఠాణీ అరుగు మీద పడుకుని వాటిని దిగులుగా చూశాడు.

డాక్టరు రోజూ డ్యూటీ అయ్యాక వచ్చి చూసివెళ్ళేవాడు. రిబ్బను తెగినా అధ్యక్షులవారు ముట్టుకున్న పరికరమని, సీసాల పరీక్ష కాగానే మైక్రోస్కోపుని అద్దాల పెట్టెలో పెట్టేశారు గనుక, కడుపు నొక్కి, రంగు చూసి, చెవి దగ్గర పెట్టి ధార చప్పుడు విని చెప్పేవాడు. మందు పడింది. జావ పడింది. ఎరుపు గులాబీ అయింది, గులాబీ లేతబడింది. చుక్కలు కాస్తా తీగలా సాగటం మొదలెట్టాయి.

ఒక ఉదయం విశాలాక్షి షాపు ఊడుస్తుంటే, లుంగీ కట్టుకుని, తలకి మఫ్లరు చుట్టుకున్న మనిషొకడు సంచీ భుజాన పెట్టుకుని వచ్చాడు. మఫ్లరులోంచి కళ్ళద్దాలు చూసి ఆమె గుర్తుపట్టింది.

"నేను రాలేదమ్మా" అన్నాడు జె.డి. పరంధామయ్య. "మా ఆవిడ పంపింది. లడ్డూకి ఇది పెడితే నన్ను కూడా ఇదే తినమంటానంది. ఎక్కడ దించను?"

విశాలాక్షి చీపురుతోనే చోటు చూపించింది. ఆయన సంచీ దించి, నడుము పట్టుకుని నిటారు అవుతుండగా బఠాణీ అరుగు దిగి, ఒళ్ళు విరుచుకుని, ఎదురుగా ఉన్న స్తంభం దగ్గరికి నడిచి కాలెత్తాడు.

ధార వచ్చింది. నీళ్ళంత తెల్లగా, ఆగకుండా, సిమెంటు దిమ్మ మీది నుంచి రోడ్డు పల్లానికి పారేంతగా వచ్చింది. జోగారావు పళ్ళు తోముకుంటూ బయటికొచ్చి బ్రష్షు నోట్లోనే ఉంచుకుని నిలబడిపోయాడు. విశాలాక్షి చీపురు జారిపోయింది. వీరభద్రం అడకత్తెర ఆపాడు.

పరంధామయ్య మఫ్లరు కిందికి లాక్కుని, గట్టిగా ఊపిరి వదిలాడు.

"హమ్మయ్య" అన్నాడు. "మా ఫైల్లో రాసింది ఒక్కటైనా నిజమైంది."